బైబిల్ చదవడం మధ్యలో ఆగిపోయిందా?

ఏడాదిలో బైబిలంతా పూర్తిచేయాలని జనవరిలో మొదలుపెట్టి, మూడో పుస్తకమైన లేవీయకాండం దగ్గర ఆగిపోయేవాళ్లు చాలామంది. తప్పిన అధ్యాయాలన్నీ ఒకేరోజు చదివేయాలని టెన్షన్ పడకండి. మార్కు సువార్త తీసుకోండి, 16 అధ్యాయాలే. రోజుకొకటి, కుదరకపోతే సగం. మనసుకు తగిలిన ఒక్క వాక్యం, దాని కింద చిన్న ప్రార్థన, తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకోండి.

మీలో మారాల్సింది కోపమో అసూయో, కొన్నాళ్లపాటు ఒక్కదాని గురించే ప్రార్థించండి. అన్నీ ఒకేసారి మారాలనుకుంటేనే నీరసం వస్తుంది. మారానా లేదా అని రోజూ తరచి చూసుకోవద్దు. మార్కు 4వ అధ్యాయంలో యేసు చెప్పిన విత్తనం ఎలా పెరిగిందో విత్తినవాడికే తెలియదు. మొదట మొలక, తర్వాత వెన్ను, ఆపైనే గింజ. ఆరు నెలలయ్యాక పాత పేజీలు తిరగేయండి. విసుగు తగ్గిందేమో ఇంట్లోవాళ్లనే అడగండి, మనకంటే ముందు వాళ్లకే తెలుస్తుంది.