వీడియో ఇంటర్వ్యూలో మీ గొంతు బావిలోంచి వస్తున్నట్టుందా?

ఇంటర్వ్యూకు పది నిమిషాల ముందు నాకు ఫోన్లు వస్తుంటాయి. "నా మాట సరిగ్గా వినిపించడం లేదంటున్నారు, ఏం చేయను?" అని అడుగుతారు. నా ఎదురు ప్రశ్న ఒక్కటే: మీ గొంతు మీరు విన్నారా? వినలేదంటారు. కెమెరాలో క్రాపు చూసుకుంటారు, చొక్కా చూసుకుంటారు, స్పీకరు మోగుతోందో లేదో చూస్తారు. ఒక్క నిమిషం మాట్లాడి, రికార్డు చేసి, వినడం మాత్రం ఎవరూ చేయరు. జూమ్ సెట్టింగుల్లో మైకు పరీక్ష ఉంటుంది, టీమ్స్‌లో టెస్ట్ కాల్ ఉంటుంది. రెండూ మీ మాటను మీకే తిరిగి వినిపిస్తాయి. ఇంటర్వ్యూ ఏ కంప్యూటర్ మీదో, ఏ గదిలోనో, ఏ ఇయర్‌ఫోన్లతోనో సరిగ్గా వాటితోనే ఈ పరీక్ష చేయండి. మిగతాది ఆ తర్వాత చదవండి.

లక్షణం: మాట వినిపిస్తుంది, కానీ ముద్దముద్దగా ఉంటుంది

అందరూ నెట్‌ను తిడతారు. నేనూ తిట్టాను. ఒక ఇంటర్వ్యూలో "మూడేళ్లు సేల్స్ చూశాను" అన్నాను. అవతలి ఆవిడ "ఫెయిల్సా?" అని అడిగారు. మళ్లీ చెప్పాను. ఆవిడ మర్యాదకు తల ఊపారు కానీ అర్థమైనట్టు లేదు. రూటర్ ఆపి మళ్లీ వేసి, ఆఖరికి ఫోను హాట్‌స్పాట్‌కు కూడా మారాను. ఏ మార్పూ లేదు. ఆ సాయంత్రం అవే ఇయర్‌బడ్స్ పెట్టుకుని నా గొంతు రికార్డు చేసి విన్నప్పుడు అసలు సంగతి తెలిసింది: తప్పు నెట్‌ది కాదు, బ్లూటూత్‌ది.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పాటలు వినిపించేటప్పుడు ఒక పద్ధతిలో, మైకు తెరిచినప్పుడు మరో పద్ధతిలో పనిచేస్తాయి. పాటకు సెకనుకు 44,100 నమూనాలు (ధ్వనిని అన్నిసార్లు కొలిచిన కొలతలు) వెళ్లే చోట, మైకు తెరవగానే చాలావాటిలో అది 16,000కు, పాత రకాల్లో 8,000కు పడిపోతుంది. నమూనాల సంఖ్యలో సగం హెర్ట్జ్ వరకే ధ్వని పట్టుబడుతుంది కాబట్టి, 8,000 నమూనాలంటే 4,000 హెర్ట్జ్ పైనున్న ధ్వని మొత్తం పోయినట్టే. మన 'స' శబ్దం బలం ఎక్కువగా అక్కడే ఉంటుంది. అందుకే నా 'సేల్స్' 'ఫెయిల్స్' అయింది. అచ్చులు నిక్షేపంగా వినిపిస్తాయి కాబట్టి గొంతు పెంచితే సరిపోతుందని అనిపిస్తుంది. పెంచినా ఒరిగేదేమీ లేదు.

గుర్తుపట్టడం తేలిక. ఒక పాట పెట్టుకుని వింటూ కాల్‌లో చేరండి. అంతవరకు హాయిగా ఉన్న ధ్వని హఠాత్తుగా పాత ల్యాండ్‌లైన్‌లా మారిందంటే దొంగ దొరికినట్టే.

పరిష్కారానికి పైసా ఖర్చు లేదు. కాల్ యాప్‌లో స్పీకరుగా ఇయర్‌బడ్స్ ఉంచి, మైకుగా లాప్‌టాప్ సొంత మైకును ఎంచుకోండి. 'సిస్టం ఏది ఎంచుకుంటే అదే' అన్న అర్థం వచ్చే ఎంపికను వదిలేయండి. ఇయర్‌బడ్స్‌ను డబ్బాలో పెట్టి మళ్లీ తీయగానే సిస్టం చడీచప్పుడు లేకుండా వాటి మైకుకే వెళ్లిపోగలదు. ఇంటర్వ్యూ రోజు ఉదయం అన్నీ సరిచూసుకుని, మధ్యలో ఛార్జింగ్ కోసం డబ్బాలో పెట్టినవాళ్లు ఇలాగే దెబ్బతింటారు. కొన్ని కంప్యూటర్లలో ఒకే జత పేరు రెండుసార్లు కనిపిస్తుంది. 'హ్యాండ్స్‌ఫ్రీ' అని ఉన్నదాన్ని ముట్టుకోకండి.

గది ప్రతిధ్వనిస్తున్నా, మాట్లాడుతూ టైపు చేయాల్సి ఉన్నా లాప్‌టాప్ మైకు బాగుండదు. అప్పుడు మైకున్న మామూలు వైరు ఇయర్‌ఫోన్లు వాడండి. చూడటానికి పాతకాలంగా ఉన్నా పని చెడదు. ఫోనులో ఇంటర్వ్యూ అయితే మైకును విడిగా ఎంచుకునే వీలు తరచూ ఉండదు కాబట్టి అక్కడా వైరే నయం.

ఇంకొకటి. అవే ఇయర్‌బడ్స్ మీ ఫోనుకు కూడా కలిసి ఉంటే, మధ్యలో ఎవరో ఫోను చేయగానే ధ్వని అటు మళ్లుతుంది. మీరు రింగ్‌టోన్ వింటుంటారు, అవతలివారు ప్రశ్న అడుగుతుంటారు. ఫోనులో బ్లూటూత్ ఆపేయండి.

లక్షణం: బొమ్మ ఆగిపోతుంది, మాటలు తెగుతాయి

ఇది నిజంగానే నెట్. కానీ పెద్ద ప్లాను తీసుకుంటే పోయేది కాదు. ఇద్దరి మధ్య నడిచే 720పి వీడియోకు జూమ్ అడిగేది సుమారు 1.2 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) వేగం మాత్రమే. ఇబ్బంది ఎక్కువగా రూటర్‌కూ మీకూ మధ్యనే ఉంటుంది. రూటర్ నుంచి కంప్యూటర్‌కు కేబుల్ పెడితే సగం కేసులు తీరిపోతాయి. వీలుకాకపోతే రూటర్ ఉన్న గదిలోనే కూర్చుని 5 గిగాహెర్ట్జ్ వైఫై పట్టుకోండి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో అయితే మైక్రోవేవ్ ఓవెన్, బ్లూటూత్ కూడా అదే దారిలో తిరుగుతుంటాయి. ఫొటోల బ్యాకప్ ఆపేయండి.

లక్షణం: ఇద్దరూ ఒకేసారి మాట్లాడేస్తున్నారు

మాట చేరడానికి పట్టే ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటితే సంభాషణకు అడ్డు తగలడం మొదలవుతుంది. ప్రశ్న పూర్తయ్యాక ఒక్క ఊపిరి ఆగి జవాబివ్వండి. మీకు తడబాటులా అనిపిస్తుంది, వాళ్లకు అనిపించదు.

లక్షణం: ముఖం నల్లగా కనిపిస్తోంది

వెనుక కిటికీ ఉంది. బల్ల తిప్పండి.

లక్షణం: స్క్రీన్ చూపిస్తే వాళ్లకు వాల్‌పేపర్ తప్ప ఏమీ కనిపించడం లేదు

మ్యాక్ వాడేవారికి ఇది తప్పని పరీక్ష. 2019లో వచ్చిన కాటలీనా (మ్యాక్ సాఫ్ట్‌వేర్‌లో ఒక వెర్షన్) నుంచి, స్క్రీన్ చూపించాలంటే కాల్ యాప్‌కు స్క్రీన్ రికార్డింగ్ అనుమతి విడిగా ఇవ్వాలి. ఇచ్చాక యాప్ మూసి మళ్లీ తెరవాలి, అంటే ఇంటర్వ్యూ మధ్యలోంచి లేచి వెళ్లాలి. ముందు రోజే స్నేహితుడికి కాల్ చేసి ఒకసారి స్క్రీన్ చూపించండి.

కెమెరా పాడవడం, మైకు కాలిపోవడం, డ్రైవర్లు (ఆ పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్) చెడిపోవడం నేను చూసింది బహు తక్కువ. లెన్సు మీద జారుడు మూత ఉందేమో, వేరే యాప్ కెమెరాను పట్టుకుని కూర్చుందేమో చూడండి. కాదంటే కంప్యూటర్ రీస్టార్ట్ చేసి ముందుకు వెళ్లండి.

ఇంటర్వ్యూ చేసేవారి ఫోను నంబరును మాత్రం కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. ఈమెయిల్‌లో ఉందిలే అనుకుంటే, నెట్ పోయినప్పుడు ఈమెయిలూ తెరుచుకోదు.