ఎండాకాలంలో పెరటి షటిల్ కోర్టు: చెడేది ఎక్కడ, బాగుచేసేది ఎలా

మా ఇల్లు కావలి దగ్గర. పోయిన వేసవి సెలవుల్లో పిల్లల కోసం పెరట్లో సిమెంటు కోర్టు పోయించాం. ఆట గీతలు 44 అడుగులు, 20 అడుగులు. చుట్టూ రెండేసి అడుగులు వదిలితే చప్టా 48కి 24 అయింది. నాలుగంగుళాల మందానికి సుమారు 90 బస్తాల సిమెంటు పట్టింది. రెండు సగాలుగా పోశాం. మొదటి సగం చెడింది, రెండోది నిలిచింది. ఆ రెండింటికీ తేడా నీళ్ళ దగ్గరే వచ్చింది.

పోసిన సాయంత్రానికే సన్నటి పగుళ్ళు

మొదటి సగం పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టాం. పదకొండుకల్లా పడమటి వడగాలి లేచింది. సాయంత్రం చూస్తే జానెడు, మూరెడు పొడవున వెంట్రుకల్లాంటి పగుళ్ళు. సిమెంటు తక్కువైందేమోనని మేస్త్రీని అనుమానించాను. అది నా పొరపాటు. లోపలి నీరు పైకి ఊరేదానికంటే ఎండా గాలీ కలిసి లాగేసేది ఎక్కువైతే, ఇంకా గట్టిపడని పైపొర ముడుచుకుని చీలుతుంది. నేల పొడిగా ఉంటే అడుగు నుంచి కూడా పీల్చేస్తుంది.

రెండో సగానికి ముందురోజు సాయంత్రమే నేలంతా తడిపాం. కంకర మీద తడి గోనెలు, నీళ్ళ డ్రమ్ములపైన తాటాకుల పందిరి వేశాం. తెల్లారుజామున నాలుగింటికి మిల్లర్ (కాంక్రీటు కలిపే యంత్రం) తిప్పి ఎనిమిదిన్నరకు ముగించాం. చదును చేసిన భాగం మీద వెంటవెంటనే పాలిథిన్ పట్టా కప్పుకుంటూ పోయాం. గట్టిపడ్డాక మట్టికట్టలతో మడులు కట్టి నీళ్ళు నిలిపాం. ఎండలో కనీసం 10 రోజులు తడపాలని కాంక్రీటు పనులకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఇప్పుడు ఎక్కువగా దొరికే పీపీసీ (బూడిద లాంటివి కలిపిన) సిమెంటుకైతే 14 రోజులు మంచిది. పొద్దున, సాయంత్రం పైపుతో చల్లి వదిలేస్తే చాలదు. మధ్యాహ్నం మూడు గంటలు ఎండినా పని చెడుతుంది.

పగుళ్ళు పచ్చిమీదే కనిపిస్తే చెక్క తాపీతో గట్టిగా తట్టి మూసేయవచ్చు. గట్టిపడ్డాక సన్నవాటికి పాలిమర్ కలిపిన సిమెంటు పాలు బ్రష్‌తో రుద్దితే సరిపోతుంది. వేలిగోరు దూరేంత వెడల్పుంటే ఎపాక్సీ జిగురు నింపాలి.

ఆడితే తెల్లటి పొడి లేస్తుంది

"అన్నా, మాలు బిగుసుకుపోతా ఉంది, ఇంకో బకెట్ పోద్దామా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. సరే అన్నామంటే పొడి ఖాయం. అదనపు నీరు ఆరిపోయి పైపొరను గుల్ల చేస్తుంది. తడి మీద పొడి సిమెంటు చల్లి నునుపు చేసినా ఇదే గతి. 50 కిలోల బస్తాకు 25 లీటర్లు కొలిచి పోయించండి, ఇసుకలో తడి ఉంటే ఇంకా తగ్గించండి. పొడి స్వల్పంగా ఉంటే బాగా ఊడ్చి పైపొరను గట్టిపరిచే సోడియం సిలికేట్ హార్డెనర్ పట్టించవచ్చు. మేకుతో గీస్తే లోతుగా చారపడేంత గుల్లగా ఉంటే మాత్రం పైపొర గ్రైండింగ్ చేయించక తప్పదు.

ఉప్పు పొంగడం

కొత్తపట్నం, సింగరాయకొండ లాంటి తీరం ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నచోట కాంక్రీటు మీద తెల్లగా ఉప్పు పేరుకోవడం చూస్తాం. ముందే నీళ్ళు పరీక్ష చేయించండి. లీటరుకు క్లోరైడు, కమ్మీ వేసే కాంక్రీటుకు 500 మిల్లీగ్రాములు, కమ్మీ లేనిదానికి 2000 దాటకూడదు. దాటితే మంచినీళ్ళ ట్యాంకరు తెప్పించడమే దారి. పొంగిన ఉప్పును పొడి బ్రష్‌తో గీకి ఎత్తేయాలి. ఊరికే కడిగితే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది.

వానలయ్యాక పెద్ద పగులు, ఒక పక్క లేవడం

పగులుకు అటూ ఇటూ ఎత్తుపల్లాలు వచ్చాయంటే కాంక్రీటును కాదు, నేలను చూడాలి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి ఎండలో నెర్రెలిచ్చి, వానకు ఉబ్బుతుంది. మే నెలలో రాయిలా ఉందని నమ్మి దానిమీదే పోయకండి. కనీసం రెండడుగులు తవ్వి తీసేసి, గ్రావెల్‌ను ఆరంగుళాల పొరలుగా పరిచి, తడిపి రోలర్ తొక్కించాలి.

చప్టాను 12 అడుగుల పలకలుగా విడగొట్టడం కూడా ఇందుకు పనికొస్తుంది. పోసిన సాయంత్రమే, అంచులు చెదరనంత గట్టిపడగానే, అంగుళం లోతున కోత పెట్టించండి. మా 48 అడుగులకు మూడు అడ్డకోతలు వచ్చాయి, నడిమిది నెట్ కిందికి పోయింది. నిలువుగా రెండు సగాలు కలిసే జాయింటు మధ్యగీత కింద పడింది. ఇలా ఉంటే లేచిన పలక ఒక్కటే తీసి, కింద నేల మార్చి, తిరిగి పోసుకోవచ్చు. పైన మాలు పూసి కప్పేస్తే ఏడాది తిరక్కుండానే మళ్ళీ లేస్తుంది, ఆ డబ్బు దండగ.

నీళ్ళు నిలవడం

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వేసవిలో పోసేటప్పుడు వాటం (నీళ్ళు పారే వాలు) సంగతి ఎవరికీ గుర్తుండదు. ఒకే పక్కకు, 10 అడుగులకు అంగుళం చొప్పున ఇవ్వాలి. మా 24 అడుగుల వెడల్పుకు దాదాపు రెండున్నర అంగుళాలు. రంగుకు ముందే పైపుతో తడిపి గంటాగి చూడండి. రూపాయి బిళ్ళ మునిగేంత నీరున్న చోట సుద్దముక్కతో గీత గీసి, పాలిమర్ మాలుతో నింపించండి.

రంగు పొక్కులు, పెచ్చులు

కాంక్రీటుకు 28 రోజులు నిండకముందే ఆక్రిలిక్ రంగు వేస్తే లోపలి తడి ఆవిరై పొరను లేపుతుంది. అడుగున్నర చదరం పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి, రాత్రంతా ఉంచి తీయండి. కింద చెమ్మ కనిపిస్తే ఇంకా ఆగండి. మిట్టమధ్యాహ్నం కాక సాయంత్రం వేయించండి. మరీ నునుపైన గచ్చుకు రంగు పట్టదు కాబట్టి పచ్చిమీద చీపురు గీతలు పెట్టించాలి. పొక్కులొచ్చిన చోట గీకి, ఆరబెట్టి, ప్రైమర్‌తో మళ్ళీ మొదలుపెట్టాల్సిందే.

స్తంభాలు ఊగడం

నాలుగంగుళాల చప్టా నెట్ లాగుడుకు నిలవదు. పోయకముందే రెండడుగుల గుంతలో విడిగా కాంక్రీటు వేసి పైపు నిలపాలి. మరిచిపోతే పాత లారీ టైర్లలో కాంక్రీటు నింపి స్తంభాలు నిలబెట్టుకోవచ్చు. నెట్ ఎత్తు మధ్యలో 5 అడుగులు, స్తంభాల దగ్గర ఒక అంగుళం ఎక్కువ.

ఎండ కళ్ళలో పడటం

పోశాక దీనికి మందు లేదు. నిడివి ఉత్తర దక్షిణాలుగా ఉండేలా ముందే ముగ్గు పోయించండి. స్థలం కుదరక తూర్పు పడమరలుగానే వస్తే, పడమటి పక్క గోడెత్తున గ్రీన్ నెట్ కట్టండి. సాయంత్రం ఐదున్నర ఎండ కొంత ఆగుతుంది, షటిల్‌ను ఎగరగొట్టే గాలి జోరు కూడా తగ్గుతుంది.