దుమ్ము పని చేసినవాళ్లకి క్యాన్సర్ వస్తే వృత్తివ్యాధి క్లెయిమ్‌కి ఎలా అప్లై చేయాలి

చేసిన పని వల్ల వచ్చిన జబ్బుకి (వృత్తివ్యాధికి) నష్టపరిహారం అడిగే ఫారంలో డాక్టర్ నింపే పేజీ ఒకటుంటుంది, మనం నింపే "చేసిన పని" పేజీ ఇంకోటుంటుంది. అందరూ డాక్టర్ పేజీ కోసం తిరుగుతారు గానీ నా లెక్కలో కేసు నిలబడేది, పడిపోయేది రెండోదాని దగ్గరే. నాతో పనిచేసి రిటైరైన ఒకాయన నింపిన ఫారం చూశా, ఆ గడిలో ఒకే ముక్క: "లేబర్". ఇరవై రెండేళ్లు రాయి కోసిన మనిషి! వాపసు వచ్చింది, రాకేం చేస్తుంది, ఆ ముక్క చదివిన ఆఫీసరుకి ఏం తెలుస్తుంది చెప్పండి.

ఏ దేశంలో ఏ ఆఫీసు చూస్తుందన్నది వేరే సంగతి, కార్మిక బీమా కావచ్చు, నష్టపరిహారం ఆఫీసు కావచ్చు, కానీ అందరూ తేల్చుకోవాలని చూసేది ఇవే: జబ్బేంటి, ఏ దుమ్ము, ఎన్నేళ్లు పీల్చారు.

ముందు జబ్బు సంగతి. "లంగ్ క్యాన్సర్" అని డిశ్చార్జ్ కాగితం మీద ఉంటే సరిపోదు, బయాప్సీ తర్వాత వచ్చిన పాథాలజీ రిపోర్ట్ కాపీ కావాలి, అందులో ఏ రకం అన్నది ఉంటుంది. ఆ రకం చాలా సంగతులు చెప్తుంది. ముక్కులోనో సైనస్‌లోనో అడినోకార్సినోమా (గ్రంథి కణాల్లో మొదలయ్యే క్యాన్సర్) అని ఉంటే చెక్క పొడి, తోలు పొడి గురించి అడుగుతారు, మీసోథీలియోమా (ఎక్కువగా లంగ్స్ చుట్టూ ఉండే పొరకి వచ్చే క్యాన్సర్) అని ఉంటే ముందుగా ఆస్బెస్టాస్ గురించే అడుగుతారు. సీటీ ఫిల్ములు కూడా దాచుకోండి. బయాప్సీ ముక్కని హాస్పిటల్లో మైనం బ్లాక్‌లో పెట్టి ఉంచుతారు, దాన్ని పారేయొద్దని ఒక లెటర్ రాసివ్వండి, తర్వాత మళ్లీ టెస్ట్ చేయాల్సొస్తే అదే దిక్కు.

డాక్టర్‌ని ఇంకోటి అడగాలి, ఈ జబ్బుకి చేసిన పనితో సంబంధం ఉండొచ్చని తేదీ వేసి రాసిమ్మనాలి. 1700లోనే ఇటలీలో రామజ్జిని అనే డాక్టరు, పేషెంటుని నువ్వేం పని చేస్తావని అడగాలని మిగతా డాక్టర్లకి చెప్పాడు, ఇప్పటికీ చాలామంది అడగరు, కాబట్టి మనమే చెప్పాలి. ఆ తేదీ ఎందుకంటే చాలా చోట్ల గడువు పని మానేసిన రోజు నుంచి కాకుండా జబ్బు బయటపడిన రోజు నుంచో, పని వల్లేనని తెలిసిన రోజు నుంచో లెక్కేస్తారు. "ఎప్పుడో మానేశా కదా, ఇంకేం ఇస్తారులే" అని ఊరుకోకండి. ఈ క్యాన్సర్లు పదేళ్ల తర్వాతో, ఇరవై ముప్పై ఏళ్ల తర్వాతో వచ్చేవే, మీసోథీలియోమాకి నలభై దాటినా ఆశ్చర్యం లేదు. ఫ్రాన్స్‌లో ఆస్బెస్టాస్ లంగ్ క్యాన్సర్‌కి పదేళ్లు ఆ పని చేసుండాలి అంటారు, కానీ పని మానేసిన 40 ఏళ్ల దాకా ఒప్పుకుంటారు. జర్మనీలో అయితే గాలిలో ఆస్బెస్టాస్ పోగులు (ఫైబర్లు) ఎంత, ఎన్నేళ్లు అని గుణించి 25 "ఫైబర్ సంవత్సరాలు" ఉందా అని కూడా చూస్తారు. మీ దగ్గర రూల్ ఏంటో వృత్తివ్యాధుల జాబితాలో వెతుక్కోవాలి.

ఇప్పుడు అసలు పేజీ. "దుమ్ము" అని మాత్రం రాయొద్దు, ఏ దుమ్మో రాయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఐఏఆర్‌సీ, క్యాన్సర్ తెస్తుందని ఖాయంగా చెప్పే గ్రూప్ 1లో ఆస్బెస్టాస్ ఉంది, రాయి ఇసుకల్లోంచి లేచే స్ఫటిక సిలికా ఉంది, చెక్క పొడి, తోలు పొడి ఉన్నాయి. బొగ్గు పొడిని మాత్రం గ్రూప్ 3లో, అంటే తేల్చి చెప్పలేం అనే దాంట్లో పెట్టారు, అందుకే గనిలో చేసినవాళ్లు "బొగ్గు" అని రాసి ఆపేస్తే నష్టపోతారు. పైకప్పు రాయి డ్రిల్ చేశారా? అందులో సిలికా ఉంటుంది, అది రాయాలి. కళ్లకి కనపడే దుమ్ము కన్నా కనపడనిదే లంగ్స్ లోపలి దాకా పోతుంది, అది నాలుగైదు మైక్రాన్ల లోపు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), కాబట్టి "పెద్దగా దుమ్ము కనపడేది కాదు" అన్న మాట మీ అంతట మీరే రాసిచ్చుకోకండి.

నేను ఆ రాయి కోసినాయనకి మళ్లీ రాసిచ్చిన దాంట్లో ఒక మెషిన్ గురించి ఇలా ఉంది: "1989 నుంచి 1998 వరకు రాయి కటింగ్ మెషిన్ మీద, రోజుకి 9 గంటలు, వారానికి 6 రోజులు. 1994 దాకా నీళ్లు లేకుండా పొడిగానే కోసేవాళ్లం. షెడ్డుకి మూడు వైపులా గోడలే, గాలి లాగే ఫ్యాన్ లేదు. ముక్కుకి గుడ్డ కట్టుకునేవాణ్ణి. సాయంత్రం కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకునేవాళ్లం." ఆ చివరి లైన్ ఆయన వద్దన్నాడు, సిగ్గుగా ఉందట, నేను ఉంచేశా. అలా దులిపినప్పుడే కదా కింద పడ్డ సన్న పొడంతా మళ్లీ ముక్కు దాకా లేచేది.

ఇలా ఒక్కో కంపెనీకి, ఒక్కో మెషిన్‌కి విడిగా రాయాలి, రెండు నెలలు చేసినా సరే.

రుజువులకి జీతం చీటీ, గేట్ పాస్, ఐడీ కార్డు, పాత హెల్త్ చెకప్ కాగితాలు, మెషిన్ పక్కన దిగిన ఫోటో, ఏదైనా పనికొస్తుంది. కంపెనీ మూతపడితే జీతంలోంచి బీమాకో పెన్షన్‌కో కట్టైన రికార్డు ఆ ఆఫీసులో దొరకొచ్చు, అడగండి. ఇద్దరు ముగ్గురు తోటివాళ్ల దగ్గర అఫిడవిట్లు తీసుకోండి, వాళ్లకీ వయసు మీద పడుతోంది కాబట్టి ఆలస్యం చేయొద్దు.

సిగరెట్ గడి దగ్గర అందరూ భయపడతారు, "తాగను" అని పెట్టేస్తారు. హాస్పిటల్ కేస్ షీట్‌లో తాగుతాడని ఉంటే, ఇంక మీరు రాసిన మిగతాదీ నమ్మరు. ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆస్బెస్టాస్ కేసులకి డాక్టర్లు వాడే హెల్సింకి ప్రమాణాలు 1997లో వచ్చాయి, వాటి ప్రకారం సిగరెట్ తాగినంత మాత్రాన దుమ్ము పాత్ర కొట్టుకుపోదు. నిజానికి రెండూ కలిస్తే రిస్క్ ఇంకా పెరుగుతుంది.

ఇచ్చేటప్పుడు ఒరిజినల్స్ చేతిలోంచి వదలకండి, కాపీలివ్వండి, రసీదు మీద తేదీ, నంబరు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. తర్వాత మెడికల్ బోర్డు పిలిస్తే వాళ్లూ పని గురించే అడుగుతారు, ఫారంలో రాసింది ముందురోజు ఒకసారి చదువుకుని వెళ్లండి. కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి. "దుమ్ము రుజువు కాలేదు" అన్నారనుకోండి, అప్పీల్‌లో ఇంకో డాక్టర్ సర్టిఫికెట్ పెట్టి లాభం లేదు, ఇంకో తోటి కార్మికుడి అఫిడవిట్ పెట్టాలి. అప్పీల్ గడువు ఆ లెటర్లోనే ఉంటుంది, లెటర్ ఎప్పుడొచ్చిందో చూపించే పోస్టు ముద్ర కవర్ మీద ఉంటుంది కాబట్టి కవర్ కూడా దాచండి.

మనిషి పోయాక కూడా భార్యో పిల్లలో అప్లై చేసుకునే వీలు చాలా చోట్ల ఉంది. అప్పుడు ఆ పని పేజీ నింపడానికి ఇంట్లో ఎవరికీ తెలీదు, అందుకే మనిషి బాగున్నప్పుడే కూర్చోబెట్టి ఏ సంవత్సరం ఏ మెషిన్ మీద చేశాడో ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. ఆ రాయి కోసినాయన కేసులో రెండో ఫారం తీసుకున్నారు, బోర్డు తేదీ కోసం చూస్తున్నాం.