జెమినిడ్స్ రాత్రికి రికార్డర్ ఎంచుకునే ముందు

ఏటా డిసెంబర్ 13, 14 తేదీల్లో జెమినిడ్స్ ఉల్కాపాతం జోరు మీదుంటుంది. ఉల్కల్ని లెక్కపెట్టేటప్పుడు కళ్లు ఆకాశం మీదే ఉండాలి కాబట్టి, కనిపించిన ప్రతి ఉల్క వివరాలు నోటితో చెప్పి రికార్డు చేసుకోవడమే నయం.

– మాట వినిపిస్తేనే రికార్డయ్యే మోడ్ ఆపేయండి. మధ్యలో నిశ్శబ్దం ఎగిరిపోతే ఏ ఉల్క ఎప్పుడు కనిపించిందో లెక్కకట్టలేరు. రాత్రంతా వృథా.

– మొదట్లో, చివర్లో సరైన గడియారం చూసి టైమ్ పైకి చదవండి. రికార్డర్ గడియారాన్ని నమ్మొద్దు.

– ఫోనైతే స్క్రీన్ వెలగకూడదు. కళ్లు చీకటికి అలవాటుపడటానికి 20–30 నిమిషాలు పడుతుంది; ఒక్కసారి వెలిగితే మళ్లీ మొదటికే. తడిమి నొక్కగలిగే బటన్లున్న చిన్న రికార్డర్‌కే నా ఓటు.

– చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. లోపలి జేబులో ఉంచి, చిన్న మైకు బయటికి తీయండి.

– పెన్సిల్, కాగితం కూడా. చలిలో బాల్‌పెన్ మొరాయిస్తుంది.