నెట్ తగ్గినా వీడియో ఆగకుండా: ఒక చిన్న ప్రయోగం

నెట్ పడిపోయినప్పుడు నాణ్యత ఎంత తగ్గించాలో ప్లేయరే తేల్చుకోవాలి. ఆ తెలివిని పరీక్షించాలంటే వీడియోను ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌తో 240పీ, 480పీ, 720పీల్లో సెకనుకు 300, 900, 2500 కిలోబిట్ల (కేబీపీఎస్) చొప్పున తయారుచేసి, 4 సెకన్ల ముక్కలు కోయండి. సెకనుకు 25 ఫ్రేములైతే ప్రతి 100 ఫ్రేములకూ ఒక కీఫ్రేము, అంటే కొత్త ముక్క మొదలయ్యే పూర్తి బొమ్మ, ఉండాలి. సీన్ మారినప్పుడల్లా కీఫ్రేము పెట్టే ఆప్షన్ ఆపేయండి. లేదంటే 100 ఫ్రేముల లెక్క అక్కడ మళ్ళీ మొదలై, మూడింటి కోతలూ ఒకచోట కలవవు, బొమ్మ ఎగురుతుంది.

డాష్.జేఎస్ అనే బ్రౌజర్ ప్లేయర్‌లో, నాణ్యతను తేల్చే బోలా పద్ధతిని ఎంచుకోండి. అది బఫర్ నిల్వను, అంటే ముందే దించుకున్న వీడియో ఎంతుందో చూసి నిర్ణయిస్తుంది. లినక్స్‌లో నెట్ వేగాన్ని కట్టడిచేసే టీసీ అనే కమాండ్‌తో వేగాన్ని 3 ఎంబీపీఎస్ నుంచి 500 కేబీపీఎస్‌కు దించండి. దీన్ని సర్వర్ వైపే పెట్టాలి, ఎందుకంటే టీసీ కళ్ళెం బయటికెళ్లే ప్యాకెట్లకే. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. బ్రౌజర్ క్యాష్ (ఒకసారి దించినవాటిని దాచుకునే చోటు) కూడా ఆపండి. లేకపోతే రెండోసారి ముక్కలు ఆ క్యాష్‌లోంచే వచ్చి అన్నీ దొంగ లెక్కలవుతాయి.