ఫోన్ పరిచయాలు, పాఠం 4: ఖాకీ చొక్కా కాల్

పోయిన పాఠంలో "కలిసేముందు వీడియో కాల్‌లో మనిషిని చూసుకోండి" అన్నాను. తప్పు నాదే, ముందు ఎవరి కెమెరా తెరుచుకోవాలో చెప్పలేదు. ఒడిశాలోని పర్లాకిమిడి కుర్రాడొకడు రాత్రి పదకొండుకి కాల్ ఎత్తాడు. అవతల బట్టల్లేని అమ్మాయి వీడియో, మూలన చిన్న డబ్బాలో వీడి మొహం. బెదిరించి డబ్బు గుంజడానికి పది సెకన్ల రికార్డింగు చాలు వాళ్లకి.

నేనైతే కెమెరా మీద బొటనవేలు అడ్డం పెట్టి ఎత్తుతాను. "ఎడమ చెయ్యి ఊపండి" అంటాను. ఊపితేనే వేలు తీస్తాను. పగటిపూట, జనం మధ్య కలవడం సంగతి మళ్లీ చెప్పను.

మర్నాడు వాడికే ఇంకో కాల్. ఖాకీ చొక్కా, వెనకాల జెండా, హిందీలో గద్దింపు: ఆ అమ్మాయికి పదహారేళ్లు, నువ్వు డిజిటల్ అరెస్టులో ఉన్నావు, లైన్ కట్ చెయ్యకు. మనవాడు పన్నెండు వేలు పంపేశాడు. ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది! డిజిటల్ అరెస్టన్నది మన చట్టంలోనే లేదు. పోలీసుల ముందు హాజరు కమ్మనే నోటీసు (బీఎన్ఎస్ఎస్ అనే కొత్త నేర విచారణ చట్టంలో సెక్షన్ 35) వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. బెయిలుకి గానీ జరిమానాకి గానీ ఏ ఇన్‌స్పెక్టరూ క్యూఆర్ కోడ్ పంపడు.

"మరి నిజం పోలీసులు వల వెయ్యరా?" అని రాయగడ నుంచి ఒకరడిగారు. వేస్తారు. అప్పటికే నడుస్తున్న నేరాన్ని పట్టుకునే వల వేరు, లేని నేరానికి ఎర చూపే వల వేరు అని 2014లో రజత్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు విడదీసింది. ఏ వలైనా తేలేది కోర్టులో, ఫోన్‌పేలో కాదు. అయితే అవతలివాళ్లకి 18 నిండలేదన్న అనుమానం వచ్చినా మాట అక్కడే ఆపెయ్యండి. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సోలో "ఒప్పుకుంది" అన్న మాట పనికిరాదు.

మగవాళ్ల మధ్య పరిచయాలైతే 377 అని, అంటే స్వలింగ సంబంధాల మీద వాడిన పాత ఐపీసీ సెక్షన్ పేరు చెప్పి బెదిరిస్తారు. ఇష్టపడ్డ పెద్దవాళ్ల మధ్య అది నేరం కాదని 2018 సెప్టెంబరు 6నే తేలిపోయింది.

సిగ్గుపడి చాట్ చెరిపెయ్యకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి. స్టేషన్లో "ఆంధ్రా నంబరు కదా, సరిహద్దు అవతల పాతపట్నం పో" అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, ఎక్కడైనా రాసుకోవాలి.

అభ్యాసం: జరిగిందంతా తేదీ, టైము, పోయిన సొమ్ము, 12 అంకెల యూటీఆర్ నంబరుతో (డబ్బు పంపినప్పుడు యాప్‌లో కనిపించే లావాదేవీ నంబరు) సహా మూడు నిమిషాల్లో పైకి చెప్పండి. తెలుగులో కాదు, మన స్టేషన్లో నడిచే ఒడియాలో. అద్దం ముందు. మధ్యలో తల దించితే మళ్లీ మొదటినుంచి.