చిన్న మిడి కీబోర్డ్ మొరాయిస్తే ఎక్కడ వెతకాలి

ఇంట్లో పాటలు కట్టుకునేవాళ్ల బల్ల మీద ఇప్పుడు తరచుగా కనబడే వస్తువు 25 చిన్న కీల మిడి కంట్రోలర్. అకాయ్ ఎంపీకే మినీ, ఆర్టూరియా మినీల్యాబ్, నోవేషన్ లాంచ్‌కీ మినీ, కోర్గ్ నానోకీ, ఇంకా పేరు పెద్దగా తెలియని రకాలు చాలా ఉన్నాయి. ధర తక్కువ కాబట్టి చిన్న తేడా రాగానే "చవకది కదా, పోయినట్టుంది" అని వెనక్కి పంపేస్తారు, లేదా పెద్దది కొనేస్తారు. చాలాసార్లు ఆ డబ్బు వృథా. కేబుల్‌లోనో, విండోస్‌లోనో, ప్లగిన్‌లోనో ఉన్న తప్పు కొత్త కీబోర్డ్ కొన్నా అలాగే ఉంటుంది.

ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ పెట్టెలో శబ్దం ఉండదు. కీ నొక్కితే అది మూడు అంకెలు పంపుతుంది: ఏ ఛానెల్‌లో, ఏ స్వరం, ఎంత బలంగా. స్వరాల నంబర్లు 0 నుంచి 127 వరకు, బలం 1 నుంచి 127 వరకు ఉంటాయి. ఆ అంకెల్ని శబ్దంగా మార్చేది కంప్యూటర్‌లోని ప్లగిన్. కాబట్టి ఏ సమస్య వచ్చినా మొదటి ప్రశ్న ఒక్కటే: అంకెలు సరిగ్గా వస్తున్నాయా?

దీన్ని చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కింద "మానిటర్" అన్నచోటల్లా ఇవే. విండోస్‌లో మిడి-ఆక్స్, మ్యాక్‌లో మిడి మానిటర్. పాటల సాఫ్ట్‌వేర్ (ఎఫ్ఎల్ స్టూడియో, ఏబల్టన్ లైవ్, రీపర్ లాంటిది) మూసేసి, దీన్ని తెరిచి, ఒక్కో కీ నెమ్మదిగా నొక్కి వదలండి. నొక్కినప్పుడు ఒక వరుస, వదిలినప్పుడు ఇంకో వరుస కనబడాలి. రెండూ సరిగ్గా వస్తుంటే కీబోర్డ్ బాగానే ఉన్నట్టు, వెతకాల్సింది కంప్యూటర్‌లో. కింద చెప్పిన ప్రతి సమస్యకీ ముందు ఈ పరీక్ష చేయండి.

కంప్యూటర్‌కి కీబోర్డ్ కనబడటం లేదు

లైట్లు వెలుగుతున్నాయి, జాబితాలో పేరు మాత్రం లేదు అంటే మొదటి అనుమానం కేబుల్ మీదే. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే యూఎస్‌బీ కేబుళ్లలో డేటా తీగలు ఉండవు. కరెంట్ వెళ్తుంది, అంకెలు వెళ్లవు. ఫోన్‌లో ఫొటోలు కంప్యూటర్‌కి ఎక్కించగలిగిన కేబుల్‌తో ప్రయత్నించండి.

కేబుల్ మంచిదే అయితే హబ్ తీసేసి నేరుగా లాప్‌టాప్‌కి పెట్టండి. మౌస్, పెన్‌డ్రైవ్, ఫ్యాన్ అన్నీ ఒకే హబ్‌కి తగిలిస్తే కరెంట్ చాలక కీబోర్డ్ మధ్యమధ్యలో ఊడిపోతుంది. కాసేపు వాయించకుండా ఉంటేనే ఊడిపోతుంటే అది విండోస్ కరెంట్ ఆదా చేయడం వల్ల. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్‌కి వెళ్లి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంట్ ఆదాకి పరికరాన్ని ఆపనిచ్చే టిక్ తీసేయండి.

పేరు కనబడుతున్నా "ఓపెన్ చేయలేకపోయాం" అని వస్తే ఇంకో ప్రోగ్రామ్ దాన్ని పట్టుకుని ఉందన్నమాట. విండోస్‌లో ఎన్నో ఏళ్లుగా ఉన్న పద్ధతిలో ఒక మిడి పోర్ట్‌ని ఒకసారికి ఒక ప్రోగ్రామే వాడగలదు. క్రోమ్‌లో తెరిచి మరిచిపోయిన ఆన్‌లైన్ పియానో ట్యాబ్ కూడా దాన్ని అట్టే పెట్టుకుంటుంది. అన్నీ మూసేసి, పాటల సాఫ్ట్‌వేర్ ముందు తెరవండి.

కనబడుతోంది, శబ్దం లేదు

ఎఫ్ఎల్ స్టూడియోలో ఎఫ్10 నొక్కి మిడి సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ ఎనేబుల్ చేశారో లేదో చూడండి. తర్వాత ప్లగిన్ ఉన్న ఛానెల్‌ని ఎంచుకోవాలి. ఏబల్టన్ లైవ్‌లో అయితే మిడి సెట్టింగ్స్‌లో ఆ పేరు పక్కన ట్రాక్ అనేది ఆన్‌లో ఉండాలి, ట్రాక్‌ని ఆర్మ్ చేయాలి, అంటే రికార్డింగ్‌కి సిద్ధంగా పెట్టాలి. రీపర్‌లో ట్రాక్ ఆర్మ్ అవ్వాలి, ఇన్‌పుట్ మిడికి మారాలి, మానిటరింగ్ ఆన్‌లో ఉండాలి. ఈ మూడింటిలో ఏది మరిచినా మీటర్ కదలదు.

మీటర్ కదులుతూ శబ్దం రాకపోతే స్పీకర్ వైపు చూడండి. మరీ తరచుగా ఎదురయ్యేది కీలన్నింటినీ ఒక స్థాయి పైకో కిందికో జరిపే ఆక్టేవ్ బటన్. పొరపాటున మూడు నాలుగు ఆక్టేవ్‌లు పైకో కిందికో పోతే, ఆ ప్లగిన్‌లో ఆ స్వరాలకి శాంపిల్సే (రికార్డు చేసిన శబ్దాలే) ఉండవు. చాలా మోడళ్లలో రెండు ఆక్టేవ్ బటన్లూ కలిపి నొక్కితే మధ్యకి వస్తుంది.

కీ నొక్కాక శబ్దం ఆలస్యంగా వస్తోంది

కొత్తగా మొదలుపెట్టినవాళ్లని విసిగించి మానిపించేది ఇదే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ఆలస్యం కీబోర్డ్‌ది కాదు. 1983లో వచ్చిన పాత మిడి కేబుల్ కూడా సెకనుకి 31,250 బిట్లు పంపుతుంది. ఒక స్వరం సందేశానికి అందులో ఒక మిల్లీసెకను కూడా పట్టదు. ఆలస్యమంతా అంకె శబ్దంగా మారి మీ చెవికి చేరే దారిలో ఉంటుంది.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వాయిస్తున్నారా? ముందు అవి తీసేయండి. వాటిలో ఆలస్యం సాధారణంగా వంద మిల్లీసెకన్లు దాటుతుంది, ఏ సెట్టింగూ దాన్ని సరిచేయలేదు. వైరు ఉన్న మామూలు ఇయర్‌ఫోన్స్ వీటికన్నా ఎంతో మేలు.

తర్వాత ఆడియో డ్రైవర్. విండోస్‌లో మామూలు డ్రైవర్‌తో కాకుండా, ఆలస్యం తక్కువగా ఉండే ఆసియో డ్రైవర్‌తో వాయించాలి. ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే దాని కంపెనీ ఇచ్చిన ఆసియో డ్రైవర్, లేకపోతే ఎఫ్ఎల్ స్టూడియో ఆసియో గానీ ఆసియో4ఆల్ గానీ సరిపోతాయి. మ్యాక్‌లో ఈ గొడవ లేదు.

అక్కడ బఫర్ సైజ్ అని ఉంటుంది, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకి సిద్ధం చేసే శబ్దం ముక్క ఎంత పెద్దదో చెప్పే అంకె. 44,100 శాంపిల్ రేట్‌లో 1024 పెడితే బఫర్ వల్లే సుమారు 23 మిల్లీసెకన్లు పోతాయి. 512కి 11.6, 256కి 5.8, 128కి 2.9. అసలు ఆలస్యం వీటికన్నా ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. వాయించేటప్పుడు 128 లేదా 256 పెట్టండి. చిటపటలు వినబడితే ఒక మెట్టు పెంచండి, మిక్సింగ్‌కి కూర్చున్నప్పుడు 1024కి మార్చుకోండి. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంటే ప్రాసెసర్ వేగం తగ్గి చిటపటలు పెరుగుతాయి, కాబట్టి ఛార్జర్ పెట్టే వాయించండి.

బఫర్ తగ్గించినా తేడా రాకపోతే, అన్ని ట్రాక్‌ల శబ్దం కలిసే మాస్టర్ ట్రాక్ చూడండి. లుక్‌ఎహెడ్ లిమిటర్, లీనియర్ ఫేజ్ ఈక్యూ లాంటివి తమ పనికోసం శబ్దాన్ని కాసేపు ఆపి ఉంచుతాయి. పాట కొత్తగా మొదలుపెట్టినప్పుడు బాగుండి, సగం అయ్యాక ఆలస్యం మొదలైందంటే దాదాపు ఎప్పుడూ ఇదే కారణం. వాటిని బైపాస్ చేసి వాయించి, మళ్లీ ఆన్ చేయండి.

ఇంకొకటుంది. వయొలిన్ల గుంపు, ప్యాడ్ అనే సాగే సింథ్ శబ్దం లాంటివి పుట్టడమే నెమ్మదిగా పుడతాయి. ఆలస్యాన్ని వాటితో కొలవకండి, పియానో శబ్దం పెట్టి చూడండి.

స్వరం ఆగకుండా మోగుతూనే ఉంది

ముందు ఆపేయండి: ఎఫ్ఎల్ స్టూడియోలో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే అన్ని శబ్దాలూ ఆగుతాయి. తర్వాత కారణం వెతకవచ్చు.

వదిలినప్పుడు రావాల్సిన సందేశం ప్లగిన్‌కి అందకపోతే స్వరం మోగుతూనే ఉంటుంది. కొన్ని చవక మోడళ్లలో కీ నొక్కి ఉంచి ఆక్టేవ్ మారిస్తే, వదిలినప్పుడు వెళ్లే నంబర్ వేరేదైపోతుంది. మానిటర్‌లో 60 ఆన్ అయి 72 ఆఫ్ అవుతుంటే అదే సంగతి. ఆక్టేవ్ మార్చే ముందు వేళ్లు తీసేయడమే దీనికి మందు.

అన్ని స్వరాలూ సాగుతుంటే సస్టెయిన్ పెడల్ (కాలితో తొక్కి స్వరాన్ని సాగదీసేది) తిరగబడి పనిచేస్తూ ఉంటుంది. పెడల్ పంపేది 64వ నంబర్ కంట్రోల్ సందేశం. దాని విలువ 64 నుంచి పైన ఉంటే ఆన్, కింద ఉంటే ఆఫ్. కొన్ని పెడల్స్ తొక్కకపోతే ఆన్ అంటాయి. కీబోర్డ్ తీసేసి, పెడల్ తగిలించి, దాని మీద కాలు పెట్టకుండా కీబోర్డ్‌ని మళ్లీ కంప్యూటర్‌కి పెట్టండి. చాలా కీబోర్డ్‌లు ఆ క్షణంలోనే పెడల్ ఎటువైపుదో తెలుసుకుంటాయి. పెడల్ పక్కన చిన్న స్విచ్ ఉంటే దాన్ని మార్చినా చాలు.

ఒక కీ నొక్కితే స్వరాలు వాటంతట అవే పరుగెత్తుతుంటే ఆర్పెజియేటర్ ఆన్ అయింది. చేయి తీసినా ఆగకపోతే లాచ్ కూడా ఆన్‌లో ఉంది. రెండూ ఆఫ్ చేయండి.

ఒక కీ ఒక్కటే గట్టిగా మోగుతోంది, లేదా రెండుసార్లు మోగుతోంది

బలాన్ని గుర్తించే కీ కింద రెండు కాంటాక్టులుంటాయి. మొదటిది తగిలాక రెండోది తగలడానికి ఎంతసేపు పట్టిందో కొలిచి బలం లెక్క కడతారు. దుమ్ము చేరితే ఆ లెక్క తప్పుతుంది. ఒకే కీ ఎంత మెల్లగా నొక్కినా 127 చూపిస్తుంటే, లేదా ఒక్క నొక్కుకి రెండు వరుసలు వస్తుంటే ఇదే కారణం. గాలి ఊదే డబ్బాతో కీల సందులు శుభ్రం చేయండి. తగ్గకపోతే, వారంటీ అయిపోయి ఉంటేనే మూత విప్పి, రబ్బరు కాంటాక్టుల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూది పుల్లతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి.

అన్ని కీలూ అలాగే ఉంటే అది దుమ్ము కాదు. చిన్న కీలు కిందికి దిగే దూరమే తక్కువ కాబట్టి మెల్లగా, మధ్యస్థంగా వాయించడం వీటి మీద కష్టం. కంట్రోలర్‌తో వచ్చే ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌లో వెలాసిటీ కర్వ్ (ఎంత నొక్కుకి ఎంత బలం అనే లెక్క) మార్చండి. డ్రమ్స్ కొట్టే చదరపు ప్యాడ్‌లలో ఫుల్ లెవెల్ బటన్ ఆన్‌లో ఉంటే మాత్రం ఎలా కొట్టినా 127 వస్తుంది.

ప్యాడ్ కొడితే వేరే డ్రమ్ మోగుతోంది

జనరల్ మిడి అనే ఉమ్మడి ప్రమాణం ప్రకారం కిక్ 36, స్నేర్ 38, మూసిన హైహ్యాట్ 42. మీ ప్లగిన్ ఆ వరుస పాటించకపోతే ఎడిటర్‌లో ప్యాడ్ నంబర్ మార్చుకోవాలి. పేరు చూసి మార్చకండి, నంబర్ చూసి మార్చండి. అదే 60ని ఎఫ్ఎల్ స్టూడియో సీ5 అంటుంది, ఏబల్టన్ సీ3 అంటుంది.

నాబ్ ముట్టుకోగానే వాల్యూమ్ ఎగిరిపడుతోంది

నాబ్ ఉన్న చోటు, తెర మీద ఉన్న విలువ వేరు కావడం వల్ల. ఏబల్టన్‌లో టేకోవర్ మోడ్‌ని, ఎఫ్ఎల్‌లో పికప్‌ని ఆన్ చేయండి. నాబ్ ఆ విలువ దాటాకే పట్టుకుంటుంది.

శ్రుతి తప్పుతోంది, గమకం రావడం లేదు

అన్నీ సమానంగా ఒకటి రెండు మెట్లు జరిగి ఉంటే ట్రాన్స్‌పోజ్ బటన్. అంతా దాదాపు ఒకటిన్నర సెమిటోన్ (పక్కపక్క కీల మధ్య దూరం ఒక సెమిటోన్) తేడాగా ఉంటే శాంపిల్ రేట్‌లు కలవలేదు, ఒకచోట 44,100, ఇంకోచోట 48,000 ఉంటాయి. కొద్దిగా అపస్వరంలా ఉంటే స్వరాన్ని వంచే బెండ్ స్టిక్ మధ్యకి రావడం లేదు. వదిలాక దాని విలువ సరిగ్గా మధ్యకి, అంటే 8192కి, రావాలి. కేబుల్ పెట్టేటప్పుడు స్టిక్ తాకకుండా చూడండి.

మన సంగీతం వాయించేవాళ్లకి అసలు చిక్కు బెండ్ రేంజ్, అంటే స్టిక్ స్వరాన్ని ఎంత దూరం వంచగలదనేది. చాలా ప్లగిన్లలో మామూలుగా అది పైకి రెండు, కిందికి రెండు సెమిటోన్లు. తోడిలో గాంధారాన్ని శుద్ధ రిషభం నుంచి శుద్ధ మధ్యమం దాకా ఊపడానికి అది సరిగ్గా సరిపోతుంది. పంచమం నుంచి పై షడ్జానికి జారు వేయాలంటే ఐదు సెమిటోన్లు కావాలి, అక్కడ ఆగిపోతుంది. రేంజ్ మార్చాల్సింది ప్లగిన్‌లో, కీబోర్డ్‌లో కాదు. అలాగని 12 పెట్టేయకండి. కొన్ని చవక కంట్రోలర్లు బెండ్‌ని 128 మెట్లలోనే పంపుతాయి. 12 రేంజ్‌లో ఒక్కో మెట్టు సెమిటోన్‌లో సుమారు ఐదో వంతు అవుతుంది, జారు మెట్లు మెట్లుగా వినబడుతుంది. రెండు పెడితే ఆ తేడా చెవికి అందదు. ఆ జారు ఉన్న చోటుకి మాత్రం ఐదు రేంజ్‌తో రెండో ట్రాక్ పెట్టుకోవడం మంచిది. గమకం వేసేటప్పుడు ఒక్క స్వరమే నొక్కండి, ఎందుకంటే బెండ్ ఆ ఛానెల్‌లోని స్వరాలన్నింటినీ కలిపి వంచుతుంది.

ఇవేవీ కాకపోతే

ఇంకో కంప్యూటర్‌లో, ఇంకో కేబుల్‌తో మానిటర్ పరీక్ష మళ్లీ చేయండి. అక్కడా అదే కీ అంకె పంపకపోతే పరికరమే చెడింది. కీ నొక్కే వేలు, మానిటర్ తెర రెండూ కనబడేలా ఫోన్‌లో వీడియో తీసి, బిల్లుతో కలిపి సర్వీస్ సెంటర్‌కి పంపండి. "శబ్దం రావడం లేదు" అని రాస్తే సెట్టింగ్స్ చూసుకోమంటారు. "48వ నంబర్ కీ రెండు కంప్యూటర్లలోనూ నోట్ ఆన్ పంపడం లేదు" అని రాయండి.